అతుకు వేడెక్కి సీసం కారింది: మళ్లీ మాటు వేయాలా, క్రింపింగ్ చేయించాలా?

రెండో అంతస్తు | మారతహళ్ళి | శనివారం, ఉదయం 7:50

అందరికీ నమస్కారం. గురువారం రాత్రి మా వీధిలో మూడు గంటలపాటు కరెంటు లేదు. ఇన్వర్టరు మీద మూడు ఫ్యాన్లు, లైట్లు, టీవీ, నా కంప్యూటరు, చిన్న ఫ్రిజ్ నడుస్తున్నాయి. పదిన్నర ప్రాంతంలో ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. వెళ్లి చూస్తే బ్యాటరీ పాజిటివ్ కేబుల్‌కు చుట్టిన ఎర్ర టేపు వేడికి ముడుచుకుపోయి ఉంది. వెంటనే ఇన్వర్టరు ఆపేశాను. తెల్లవారాక వెలుతురులో చూసినప్పుడు అసలు సంగతి తెలిసింది. బ్యాటరీ మూత మీద, సరిగ్గా కేబుల్ కొసకు తొడిగిన లోహపు గొట్టం, అంటే థింబుల్ కింద, కందిగింజంత వెండి బొట్లు రెండు గట్టిపడి ఉన్నాయి. అతుకులో పోసిన సీసమే కరిగి కారింది.

ఎనిమిది నెలల కిందట కొత్త బ్యాటరీ పెట్టడానికి వచ్చిన మనిషి కేబుల్ కొసను థింబుల్‌లో దూర్చి, సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, పైన సీసం కరిగించి పోసి మాటు వేశాడు. నిన్న వచ్చిన మరో ఎలక్ట్రీషియన్ "మాటు తక్కువైంది, ఈసారి దట్టంగా పోస్తాను" అంటున్నాడు. పక్కింటివారు మాటు అసలు వద్దు, పనిముట్టుతో గొట్టాన్ని నొక్కి బిగించే క్రింపింగే చేయించమంటున్నారు. పగలు నేను ఆఫీసులో ఉంటాను, ఇంట్లో అమ్మా నాన్నా మాత్రమే ఉంటారు. అందుకే ఏదో ఒకటి చేయించి వదిలేయడానికి మనసు ఒప్పడం లేదు. ఏది నమ్మదగినది, ఎందుకు?

ఇన్వర్టరు 850 వీఏ, బ్యాటరీ 12 వోల్టులు, కేబుల్ 16 స్క్వేర్ ఎం.ఎం. రాగి.

పీణ్య ప్యానెల్ | పీణ్య | శనివారం, ఉదయం 8:35

ముందు జాగ్రత్తలు చెబుతాను. బ్యాటరీ పక్కకు సోల్డరింగ్ ఐరన్‌ను గానీ గ్యాస్ మంటను గానీ ఎవరినీ తేనివ్వకండి. ఛార్జింగ్ సమయంలో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. మాటు వేసినా, క్రింపింగ్ చేసినా కేబుల్‌ను విప్పి దూరంగా తీసుకెళ్లాకే చేయాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. స్పానరు పిడికి టేపు చుట్టండి, చేతి ఉంగరం తీసేయండి. 12 వోల్టులు షాక్ కొట్టవన్నది నిజమే. అయితే స్పానరు రెండు టెర్మినళ్లకు ఒకేసారి తగిలితే ఆ ఇనుము ఎర్రగా కాలుతుంది.

విప్పే ముందు ఒక్క కొలత తీసుకోండి. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే తెచ్చుకోండి. ఫ్రిజ్ ఆపి, తక్కిన లోడుతో ఇన్వర్టరును ఒక్క నిమిషం నడపండి. మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ టెర్మినల్ మీద, రెండో కొనను థింబుల్ దాటిన తర్వాత రాగి పోగుల మీద ఆనించి డీసీ వోల్టులు చూడండి. అదే సమయంలో కేబుల్‌లో ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూడండి. ఈ రెండు అంకెలూ ఇక్కడ రాస్తే మిగతాది నేను చెబుతాను.

రెండో అంతస్తు | శనివారం, ఉదయం 10:20

కింది ఇంటి వారి దగ్గర క్లాంప్ మీటరు దొరికింది. 42 ఆంపియర్ల దగ్గర 0.21 వోల్టు చూపింది. ఇది ఎక్కువా? 0.21 అంటే చాలా చిన్న అంకెలా కనిపిస్తోంది.

పీణ్య ప్యానెల్ | శనివారం, ఉదయం 10:45

ఇంటి 230 వోల్టుల తీగలో అయితే ఆ 0.21ని ఎవరూ పట్టించుకోరు. 12 వోల్టుల దగ్గర, ఒక్క అతుకులోనే అంత పోవడం చాలా ఎక్కువ. లెక్క చూడండి. 0.21ని 42తో భాగిస్తే ఆ అతుకు నిరోధం 0.005 ఓమ్. అంటే 5 మిల్లీ ఓమ్‌లు. ఇక ఫ్రిజ్ కూడా నడిచిన గురువారం రాత్రి సంగతి. 850 వీఏ ఇన్వర్టరు పూర్తి లోడుతో ఉంటే బ్యాటరీ నుంచి సుమారు 70 ఆంపియర్లు లాగుతుంది. 70ని 70తో గుణించి, దాన్ని 0.005తో గుణించండి. 24.5 వాట్ల వేడి వస్తుంది.

బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లలు కొనుక్కునే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. మీ బ్యాటరీ మీద ఆ ఐరన్‌ను ప్లగ్గులో పెట్టి, ఇన్వర్టరు ఆపేదాకా వదిలేసినట్టయింది. మామూలుగా వాడే తగరం-సీసం మాటు 183 డిగ్రీల దగ్గరే మెత్తబడి కరగడం మొదలుపెడుతుంది. ఇందులో అసలు ప్రమాదం ఏమిటంటే, మాటు మెత్తబడితే పట్టు సడలుతుంది, పట్టు సడలితే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. ఈ చక్రం తనంతట తాను ఆగదు.

అందుకని దట్టంగా పోస్తానన్న మనిషిని మాత్రం వెనక్కి పంపించండి. ఎంత దట్టంగా పోసినా ఆ సీసం 183 దగ్గరే కరుగుతుంది.

టంకం మాస్టారు | జయనగర | శనివారం, మధ్యాహ్నం 12:10

పీణ్య బాబుగారి లెక్క సరైనదే. చివరి మాటతో మాత్రం ఏకీభవించలేను. నేను 1978 నుంచి రేడియోలు, ఆ తర్వాత టీవీలు, యాంప్లిఫయర్లు బాగు చేశాను. ఈ చేతులతో వేసిన మాట్లు నలభై ఏళ్లు దాటినా పనిచేస్తున్నాయి. మాటును దోషిగా నిలబెట్టకండి.

మాటు అంటే సీసం పూయడం అనుకునేవాళ్ల వల్లే ఈ అపవాదు వచ్చింది. రాగి వేడెక్కి, ఆ రాగి వేడికి సీసం కరిగి పోగుల్లోకి పారాలి. ఐరన్ మొనకు సీసం అంటించి దాన్ని రాగి మీద జార్చితే అది పచ్చి మాటు. పైకి మెరుస్తుంది, లోపల పట్టు ఉండదు. 16 స్క్వేర్ ఎం.ఎం. రాగిని 25 వాట్ల ఐరన్‌తో వేడెక్కించడం అసాధ్యం. కేబుల్ ఆ వేడినంతా ఎటో లాక్కుపోతుంది. నూరు వాట్లకు పైబడిన ఐరనో, గ్యాస్ మంటో కావాలి. దానితో పాటు ఓపిక కావాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మాటు ఎప్పుడూ బరువు మోయకూడదు. పాత టెలిగ్రాఫ్ తీగల్ని కలిపిన వెస్టర్న్ యూనియన్ ముడి చూసి ఉంటారు. రెండు కొసలూ ఒకదాని చుట్టూ ఒకటి బిగువుగా చుట్టుకుని, లాగేకొద్దీ ఇంకా బిగిసే ముడి అది. పట్టు ముడిది. మాటు దానికి గాలి, తేమ తగలకుండా కాపలా కాస్తుంది. అమెరికా విద్యుత్ నియమావళిలో ఈనాటికీ ఇదే ఉంది: మాటు లేకుండానే అతుకు యాంత్రికంగానూ విద్యుత్తు పరంగానూ గట్టిగా ఉండాలి, ఆ తర్వాతే మాటు.

రెండో అంతస్తు బాబుగారూ, ఆ పాత థింబుల్‌ను పారేయకండి. హాక్‌సా బ్లేడుతో అడ్డంగా కోసి లోపల ఏముందో మాకు చెప్పండి.

రెండో అంతస్తు | శనివారం, మధ్యాహ్నం 3:30

మాస్టారూ, కోశాను. బయటి అంచు చుట్టూ గోరు మందాన కూడా లేని వెండి వలయం ఉంది. దాని లోపల మాటు ఒక్క చుక్క కూడా చేరలేదు. మధ్యలో పోగులు గోధుమరంగుకు తిరిగాయి, కొన్ని నల్లబడ్డాయి, ఒక పక్క పచ్చటి పొడి కూడా ఉంది. మిగిలిన సగాన్ని పటకారుతో పట్టి లాగితే కేబుల్ మెల్లగా జారి బయటకు వచ్చేసింది. పెద్దగా బలం పెట్టనే లేదు. సుత్తి దెబ్బలు తగిలిన చోట గొట్టం ఒక పక్క నొక్కుకుపోయింది, ఇంకో పక్క పోగులకూ గొట్టానికీ మధ్య సందు అలాగే ఉంది.

ఎనిమిది నెలలు ఇది మా ఇంట్లో పనిచేసిందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

టంకం మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 3:50

ఆ పచ్చపొడి రాగి తుప్పు. మాటు బాగా అంటుకోవడానికి పూసేదే ఫ్లక్సు. పాత్రలకు మాటు వేసేవాళ్లు వాడే ఆమ్లం కలిసిన ఫ్లక్సు వాడి ఉంటాడు. విద్యుత్ పనికి రోజిన్ ఫ్లక్సు తప్ప వేరేది ముట్టకూడదు. ఆమ్లం పోగుల మధ్య మిగిలిపోయి నెమ్మదిగా రాగిని తింటుంది.

హార్నెస్ పని | ఎలక్ట్రానిక్ సిటీ | శనివారం, సాయంత్రం 6:15

నేను వాహనాల వైరింగ్ తయారుచేసే చోట నాణ్యత విభాగంలో పనిచేస్తాను. మాస్టారి అనుభవం ముందు నేను చిన్నదాన్ని. అయినా మా బల్ల మీద రోజూ చూసేది చెప్పాలి.

క్రింపింగ్ అంటే నొక్కడం అని చాలామంది అనుకుంటారు. సుత్తి కూడా నొక్కుతుంది, కానీ అది క్రింపింగ్ కాదు. సరైన డైలో, అంటే తగిన సైజు అచ్చులో పడిన గొట్టం అన్ని వైపుల నుంచీ ఒక్కసారిగా కుంచించుకుంటుంది. లోపలి పోగులకు తప్పించుకునే దారి ఉండదు. ఒకదాన్ని ఒకటి ఒత్తుకుని వాటి ఆకారమే మారిపోతుంది. మేము నమూనాలను అడ్డంగా కోసి, నున్నగా అరగదీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తాం. బాగా పడిన క్రింపులో పోగులు గుండ్రంగా ఉండవు. తేనెపట్టు గదుల్లా ఆరు మూలలతో, సందు లేకుండా అమరిపోయి ఉంటాయి. రాగి మీది ఆక్సైడు పొర ఆ ఒత్తిడికి చిట్లి, శుభ్రమైన లోహం శుభ్రమైన లోహాన్ని తాకుతుంది. గాలి చొరబడే చోటు ఉండదు కనుక లోపల తుప్పు పుట్టదు. రెండో అంతస్తు గారు కోసి చూసిన దానిలో పోగులు నల్లబడి, గొట్టానికీ వాటికీ మధ్య సందు అలాగే ఉందంటే అక్కడ జరిగింది క్రింపింగే కాదు.

వాహనాల్లో మాటు ఎందుకు వద్దంటారో కూడా చెబుతాను. కరిగిన సీసం దీపపు ఒత్తి నూనె పీల్చినట్టు పోగుల మధ్య నుంచి ఇన్సులేషన్ లోపలికి పాకుతుంది. అది ఆగిన చోటు దాకా తీగ కడ్డీలా బిగుసుకుపోతుంది, ఆ తర్వాత మామూలుగా వంగుతుంది. బండి అదురుతున్నంతసేపూ వంపంతా సరిగ్గా ఆ గీత దగ్గరే పడుతుంది. ఇనుప తీగను ఒకే చోట పదే పదే వంచితే తెగినట్టు పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. ఇన్సులేషన్ లోపల తెగుతాయి కనుక బయటికి కనిపించదు. మాటు మాత్రం చెక్కుచెదరకుండా, మెరుస్తూ ఉంటుంది. అందుకే "నా మాటు ఊడలేదు" అన్న మాట నిజమే అయినా, తీగ తెగిందన్నది కూడా నిజమే అవుతుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. 1941లో అమెరికాలో ఏఎంపీ సంస్థ మొదలైందే విమానాలకు, ఓడలకు మాటు అక్కర్లేని టెర్మినళ్లు చేయడానికి. యుద్ధకాలంలో వేల అతుకులు త్వరగా, అన్నీ ఒకేలా పడాలి. చేతి నైపుణ్యం మీద ఆధారపడే పని అలా సాగదు.

మాస్టారి చేతి మాటు నలభై ఏళ్లు నిలుస్తుందని నేను నిస్సందేహంగా నమ్ముతాను. మా ఇంటికి వచ్చే ఎలక్ట్రీషియన్ చేతి మాటు మీద మాత్రం ఆ నమ్మకం పెట్టుకోలేను. క్రింపును కొలవవచ్చు. ఎత్తు మైక్రోమీటరుతో కొలుస్తాం, లాగి చూస్తాం. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం ఐఈసీ 60352-2 ప్రకారం 1.5 స్క్వేర్ ఎం.ఎం. తీగ క్రింపు కనీసం 150 న్యూటన్ల లాగుడుకు నిలవాలి. అంటే సుమారు 15 కిలోల బియ్యం సంచి వేలాడదీసినా ఊడకూడదు.

బీటీఎం అద్దె ఇల్లు | బీటీఎం లేఅవుట్ | శనివారం, రాత్రి 8:05

క్రింపింగ్ చేసి, పైన కాస్త మాటు కూడా వేస్తే రెండింటి మేలూ దక్కదా? మా నాన్నగారు ఎప్పుడూ అలాగే చేసేవారు. అలాగే ఎంసీబీలో (కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్) పెట్టే ముందు పోగులకు కళాయి పూసినట్టు సీసం పూయడం మంచిదేనా? పోగులు చెదరకుండా ఉంటాయని పూస్తారు.

హార్నెస్ పని | శనివారం, రాత్రి 8:40

క్రింపు సరిగ్గా పడితే మాటు చేరడానికి లోపల సందే ఉండదు. సీసం లోపలికి చేరిందంటే క్రింపు బాగాలేదని అర్థం. పైగా ఆ వేడికి ఫ్లక్సు, సీసం తీగ వైపు పాకి, పైన చెప్పిన గీతను తయారుచేస్తాయి. పెద్ద బ్యాటరీ కేబుళ్లకు కొందరు అలా చేస్తారు, నేను మాత్రం చేయను. సీసం పూసిన పోగులను తెచ్చి క్రింప్ చేయడం ఇంకా తప్పు.

పీణ్య ప్యానెల్ | శనివారం, రాత్రి 9:00

ఎంసీబీ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, ఇది మా రోజువారీ పని. స్క్రూ కింద పెట్టే తీగకు సీసం పూయకూడదు. సీసం మెత్తటి లోహం. ఒత్తిడిలో ఉంచితే మామూలు గది వేడిలోనే నెలల తరబడి నెమ్మదిగా జరిగిపోతుంది. బిగించిన రోజు స్క్రూ గట్టిగానే ఉంటుంది, ఏడాది తర్వాత చూస్తే అరచుట్టు తిరుగుతుంది. గృహోపకరణాల భద్రతా ప్రమాణం ఐఈసీ 60335-1, దాని ఆధారంగా రూపొందిన మన ఐఎస్ 302-1 ఈ కారణంతోనే స్క్రూ ఒత్తిడి పడే చోట పోగులను మాటుతో ముద్ద చేయడాన్ని అనుమతించవు. పోగులు చెదరకూడదంటే ఫెర్రుల్ తొడగండి. చిన్న రాగి గొట్టం, వెనక రంగు ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. తీగ సైజుకు తగినది తొడిగి, దాని పటకారుతో నొక్కితే చాలు.

పెద్ద కేబుళ్ల విషయంలో ఇంకో కారణం ఉంది. వేడిని తట్టుకునే ప్లాస్టిక్ ఇన్సులేషన్ ఉన్న ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్‌ను షార్ట్ సర్క్యూట్ జరిగిన ఆ కొన్ని సెకన్లు 250 డిగ్రీల దాకా తట్టుకునేలా లెక్కగడతారు. అతుకులో మాటు ఉంటే ఆ లెక్క 160కి దిగిపోతుంది. అంత ఖరీదైన కేబుల్ వేసి, ఒక్క అతుకు వల్ల దాని సత్తా అంతా పోగొట్టుకోవడమన్న మాట.

మిద్దె సోలార్ | వైట్‌ఫీల్డ్ | ఆదివారం, ఉదయం 6:55

మిద్దెల మీద సోలార్ పలకలు బిగించే పని చేస్తాను. నాకు కనిపించే గొడవంతా పలకల మధ్య ఉండే ఎంసీ4 కనెక్టర్ల దగ్గరే. అందులో లోహపు పిన్నును 4 స్క్వేర్ ఎం.ఎం. డీసీ తీగకు క్రింప్ చేయాలి. ఆ పిన్నుకు తగిన డై ఉన్న పటకారు లేకపోతే కొందరు మామూలు కట్టింగ్ ప్లయరుతో నొక్కి, పైన ప్లాస్టిక్ తొడిగి బిగించేస్తారు. ప్లాస్టిక్ తొడిగాక మంచిదో చెడ్డదో ఎవరికీ తెలియదు. పోయిన ఎండాకాలం ఒక అపార్ట్‌మెంటు మిద్దె మీద ఒక కనెక్టరు ముద్దగా కరిగిపోయి, కింద సిమెంటు మీద నల్లటి మరక వదిలింది. విప్పితే పిన్ను రెండు చోట్ల మాత్రమే నొక్కి ఉంది.

డీసీలో స్పార్కు పుడితే తేలిగ్గా ఆరదు, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు నూరుసార్లు సున్నాకు దిగుతుంది, స్పార్కు ఆరడానికి అవకాశం దొరుకుతుంది. డీసీకి ఆ విరామం లేదు. ఎండ ఉన్నంతసేపూ పలకలు కరెంటు పంపుతూనే ఉంటాయి, మెయిన్ స్విచ్ ఆపినా పలకలు ఆగవు.

మీ ఇంటి మిద్దె మీద పని జరుగుతుంటే పైకి వెళ్లి, వాళ్ల సంచిలో ఎంసీ4 క్రింపింగ్ పటకారు ఉందో లేదో చూడండి. అడగడానికి మొహమాటపడకండి.

మదనపల్లె తోట | కె.ఆర్.పురం | ఆదివారం, ఉదయం 9:30

ఇన్వర్టరు విషయంలో మీరంతా చెప్పింది అర్థమైంది. నాది నీళ్ల కింది అతుకు. ఊళ్లో మా తోటలో 900 అడుగుల బోరు, లోపల ఏడున్నర హార్స్‌పవర్ మోటారు. మోటారు నుంచి వచ్చే చిన్న కేబుల్‌ను పైకి వెళ్లే పొడవాటి కేబుల్‌కు అతకాలి, ఆ అతుకు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది. రెండేళ్లలో రెండుసార్లు మోటారు బయటకు తీయించాల్సి వచ్చింది. పైపులన్నీ ఒక్కొక్కటిగా విప్పి పైకి లాగడానికి ఒక రోజు, మళ్లీ దించడానికి ఇంకో రోజు. ఆ రెండు రోజులూ టమాటా మడికి నీళ్లు లేవు. మోటారు రెండుసార్లూ బాగానే ఉంది. పాడైంది అతుకే.

మెలి తిప్పి, మాటు వేసి, పైన రబ్బరు టేపు, దానిపైన ప్లాస్టిక్ టేపు చుట్టిన అతుకు అది. విప్పితే లోపలి రాగి బొగ్గులా నల్లగా ఉంది. అడుగున్నర మేర పోగుల మధ్య నీళ్లు పైకి ఎక్కాయి. మూడోసారి నేనే ఎస్‌పీ రోడ్డుకు వెళ్లి రాగి గొట్టాలు, లోపల జిగురు పూత ఉండి, వేడి చేస్తే ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టాలు తెచ్చాను. మూడు తీగల అతుకులూ ఒకేచోట పడకుండా ఒక్కోదాన్ని జానెడు ఎడంగా కత్తిరించి, గొట్టాలతో క్రింప్ చేయించి, జిగురు గొట్టాలు తొడిగి వేడి చేశాం. అంచుల్లో జిగురు చుట్టూ బొట్లు బొట్లుగా బయటికి వచ్చేదాకా ఆగాం. రాత్రంతా బకెట్ నీళ్లలో ముంచి ఉంచి, ఉదయం మెగ్గరుతో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) చూసి, అప్పుడు దించాం. ఇది మూడో వేసవి. మోటారు మళ్లీ పైకి తీయలేదు.

క్రింపింగ్ వల్లే నిలిచిందని మా ఊళ్లో అందరికీ చెబుతున్నాను. సరేనా?

హార్నెస్ పని | ఆదివారం, ఉదయం 10:10

మీ పని ముచ్చటగా ఉంది. అయితే ఆ ఘనత ఎక్కువగా జిగురు గొట్టానిది. నీళ్ల కింద మీ అసలు శత్రువు తేమ. మాటు వేసిన అతుకుకైనా ఆ జిగురు గొట్టం తొడిగి, మూడు అతుకులనూ ఎడం చేసి, మెగ్గరుతో పరీక్షించి దించి ఉంటే చాలాకాలం నిలిచేది. ఎంత మంచి క్రింపు పెట్టినా, పైన ఉత్త ప్లాస్టిక్ టేపు చుట్టి ఉంటే ఈపాటికి మోటారు మళ్లీ పైకి వచ్చేది. ఊళ్లో చెప్పేటప్పుడు జిగురు గొట్టం గురించి, బకెట్ పరీక్ష గురించి ముందు చెప్పండి. కేబుల్‌ను పైపుకు క్లిప్పులతో కట్టి, బరువు అతుకు మీద పడకుండా చూసుకున్నారు కదా?

మదనపల్లె తోట | ఆదివారం, ఉదయం 10:25

కట్టాం, ప్రతి పైపుకు రెండుచోట్ల. జిగురు గొట్టం సంగతి మా మెకానిక్‌కు ఇవాళే ఫోను చేసి చెబుతాను.

టంకం మాస్టారు | ఆదివారం, ఉదయం 11:40

నిన్న సాయంత్రం హార్నెస్ అమ్మాయి రాసింది రెండుసార్లు చదివాను. పోగులు ఇన్సులేషన్ లోపల తెగుతాయన్న మాట దగ్గర ఆగిపోయాను. పాత రోజుల్లో ఆటోల్లో టేప్ రికార్డర్లు బిగించేవాణ్ని. స్పీకరు తీగలు నెలకోసారి తెగి వెనక్కి వచ్చేవి, ఎప్పుడూ మాటుకు అర అంగుళం అవతల. తీగ నాసిరకమని దుకాణదారుతో గొడవపడేవాణ్ని. కారణం నా మాటేనని ఇన్నేళ్లకు అర్థమైంది. అదిరే చోట మాటు వద్దు, ఈ మాట నేను కూడా చెబుతున్నాను.

అయితే సర్క్యూట్ బోర్డు దగ్గర మాటుకు పోటీ లేదు. ఇంట్లో కదలకుండా ఉండే సన్నటి సిగ్నల్ తీగలకు, ఆడియో జాక్‌లకు మాటే బాగుంటుంది. నాసా కూడా ఒకప్పుడు మాటుకు ఒక ప్రమాణం, క్రింపింగ్‌కు ఒక ప్రమాణం విడివిడిగా రాసుకుంది. ఇంకొకటి. క్రింపింగ్ పేరుతో బజారులో అమ్మే రేకు పటకార్లను కూడా గట్టిగా విమర్శించండి. ఎరుపు, నీలం, పసుపు చుక్కలు ఉండి, పిడి ఎంత నొక్కితే అంతే నొక్కేవి. వాటితో చేసిన దానికంటే నేర్చిన చేతి మాటు నూరుపాళ్లు మేలు.

పీణ్య ప్యానెల్ | ఆదివారం, మధ్యాహ్నం 12:15

మాస్టారూ, పటకార్ల విషయంలో మీరు చెప్పిందే నిజం. రాచెట్ ఉన్నదే కొనాలి. పూర్తిగా నొక్కేదాకా అది తెరుచుకోదు, కనుక సగం క్రింపు పడే అవకాశమే లేదు. రంగుల లెక్క కూడా చూసుకోవాలి: ఎరుపు థింబుల్ 0.5 నుంచి 1.5, నీలం 1.5 నుంచి 2.5, పసుపు 4 నుంచి 6 స్క్వేర్ ఎం.ఎం. తీగలకు. సన్నటి తీగను పసుపు థింబుల్‌లో రెండు మడతలు పెట్టి దూర్చడం మన దగ్గర మామూలైపోయింది, దయచేసి అలా చేయకండి.

రెండో అంతస్తు గారూ, 16 స్క్వేర్ ఎం.ఎం.కి ఈ చిన్న పటకార్లు ఏవీ పనికిరావు. పొడవు పిడుల షడ్భుజి డై గానీ, చేతి హైడ్రాలిక్ గానీ కావాలి. దాన్ని కొనాల్సిన పని లేదు. ఎస్‌పీ రోడ్డులో కేబుల్, థింబుల్ కొన్న చోటే క్రింప్ చేసి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. "16 డై వేయండి" అని నోరు తెరిచి అడగండి, డై మీద అంకె చూడండి. థింబుల్ మీద సూదితో గీకి చూడండి. పైన తగరం పూత తెల్లగా ఉన్నా, గీత కింద రాగి ఎర్రగా కనిపించాలి. గీత కూడా తెల్లగానే ఉంటే అది అల్యూమినియం, మీ రాగి కేబుల్‌కు వద్దు.

రెండో అంతస్తు | మంగళవారం, రాత్రి 9:40

ఆలస్యానికి క్షమించండి, ఆదివారం దుకాణాలు మూసి ఉన్నాయి. ఇవాళ సగం రోజు సెలవు పెట్టి వెళ్లాను. మొదటి దుకాణంలో డై అంకె అడిగితే "అన్నిటికీ ఇదే" అన్నారు, బయటికి వచ్చేశాను. మూడో దుకాణంలో ఒక పెద్దాయన థింబుల్ గొట్టాన్ని కేబుల్ పక్కన పెట్టి కొలిచి, అంతే పొడవు ఇన్సులేషన్ తీసి, పోగులు ఒక్కటి కూడా తెగకుండా దూర్చి, 16 అంకె ఉన్న డైలో పక్కపక్కనే రెండు క్రింపులు వేశారు. హైడ్రాలిక్ పిడి చివర టక్కుమన్నాక కూడా ఒక క్షణం ఆగి వదిలారు. నన్ను ఒక కొస పట్టుకోమని, తాను ఇంకో కొస పట్టుకుని బలంగా లాగారు. చుట్టూ ఆరు పలకలు స్పష్టంగా, ఒకే కొలతతో పడ్డాయి. జిగురు గొట్టం తొడిగించుకున్నాను.

ఇంటికి వచ్చి టెర్మినల్ శుభ్రం చేసి, మీరు చెప్పిన వరుసలో బిగించాను. అదే లోడు, 42 ఆంపియర్లు. 0.21 వోల్టు చూపిన చోట ఇప్పుడు 9 మిల్లీవోల్టులు, అంటే 0.009 వోల్టు. గంటసేపు నడిపాక చేత్తో పట్టుకుని చూశాను, గోడ ఎంత చల్లగా ఉందో అదీ అంతే. అమ్మను కూడా పట్టుకుని చూడమన్నాను.

పీణ్య ప్యానెల్ | మంగళవారం, రాత్రి 9:55

చాలా సంతోషం. పూర్తి లోడు మీద కూడా ఇక ఒక వాటు దగ్గరే ఉంటుంది. నెగటివ్ వైపు కొలిచారా?

రెండో అంతస్తు | మంగళవారం, రాత్రి 10:10

మీరు అడిగాకే కొలిచాను. 0.16 వోల్టు. అది కూడా ఆ మనిషి వేసిందే. ఇన్వర్టరు ఆపేశాను, రేపు ఉదయం విప్పి ఆ పెద్దాయన దగ్గరికే తీసుకెళ్తాను.